గుత్తికొండలో నేనన్న మాట

గుత్తికొండ బిలం అగ్నిపర్వతం పేలినప్పుడు పుట్టిందని పిల్లలకు చెప్పింది నేనే. ఎవరో చెబితే విని చెప్పలేదు, ఏ పుస్తకంలోనూ చదివి చెప్పలేదు. టార్చి వెలుగు పడిన గోడ మీద చెయ్యి ఆనించి, ఈ రాయి ఒకప్పుడు కరిగి పారిన లావా అన్నాను. మా చెల్లెలి మనవలు, వాళ్ళ స్నేహితులు, వెంట వచ్చిన తల్లులు అందరూ నమ్మకంగా విన్నారు. ఆ మాట తప్పని అక్కడే, అప్పుడే చెప్పిన మనిషి ఒకాయన ఉన్నాడు. ఆయన్ని నేను మాట్లాడనివ్వలేదు. ఇదంతా రాస్తున్నది అందుకే.

ఆ మాట నా నోట్లోకి ఎక్కడినుంచి వచ్చిందో నాకు బాగా తెలుసు. అంతకుముందు ఏడాది మా అమ్మాయి నన్ను టర్కీ తీసుకువెళ్ళింది. అక్కడ కపడోకియా అనే సీమలో గైడుతో చిన్న యాత్ర చేశాం. లక్షల ఏళ్ళ కిందట ఆ సీమలో అగ్నిపర్వతాలు మళ్ళీ మళ్ళీ పేలి కక్కిన బూడిద నేల మీద మందంగా పేరుకుని, గట్టిపడి రాయి అయింది. వానా గాలీ దాన్ని కోసి లోయలు చేశాయి, పైన గట్టిరాయి టోపీలా మిగిలిన చోట్ల స్తంభాలు నిలబెట్టాయి. దూరంగా ఎర్జియెస్ శిఖరం, 3,917 మీటర్ల ఎత్తున, మంచు కప్పుకుని కనిపించింది. ఆ బూడిదరాయి తవ్వేటప్పుడు మెత్తగా ఉంటుంది, గాలి తగిలాక గట్టిపడుతుంది. అందుకే అక్కడి మనుషులు చేతి పనిముట్లతోనే కొండను తొలిచి ఇళ్ళు, గాదెలు, చర్చిలు, పావురాల గూళ్ళు చేసుకున్నారు. దెరిన్‌కుయు అనే ఊళ్ళో భూమి కిందికి దాదాపు 85 మీటర్ల లోతు వరకూ ఒక పట్నమే ఉంది. శత్రువు వస్తే దారికి అడ్డంగా దొర్లించడానికి తిరగలి రాయంత గుండ్రటి పెద్ద రాతి తలుపులున్నాయి. గాలి దిగడానికి నిలువు బావులున్నాయి. గొరెమె చర్చిల గోడల మీద వెయ్యేళ్ళనాటి రంగులు ఇంకా ఉన్నాయి. 1923లో టర్కీ, గ్రీసు దేశాలు జనాన్ని మార్చుకున్నప్పుడు ఆ ఇళ్ళలో తరతరాలుగా ఉన్న గ్రీకు క్రైస్తవులు తలుపులు వేసుకుని వెళ్ళిపోయారట. ఆ మాట చెబుతూ మా గైడు కాసేపు ఆగాడు.

ఆ లోయల్లో నడుస్తుంటే నాకు సంతోషంతో పాటు ఒక బాధ కూడా కలిగింది. ప్రపంచమంతా వచ్చి చూసే ఈ రాళ్ళకూ, మా పల్నాటి రాళ్ళకూ తేడా ఏముందని లోపల ఒకటే వాదన. మాచర్ల పక్కన చంద్రవంక దూకే ఎత్తిపోతల లోయ, కృష్ణ ఒడ్డున దైద బిలం, పిడుగురాళ్ళ దగ్గర గుత్తికొండ: ఇవన్నీ చిన్నప్పటినుంచి పేర్లుగా తెలిసినవే. పల్నాడు అనగానే బయటి వాళ్ళకు ఎండ, మిరపకాయ, పాత పగలు గుర్తొస్తాయి. మా నేలను ఎవరూ నేలగా చూడరన్న కష్టం నాకు పెళ్ళయి ఊరు దాటిన నాటినుంచీ ఉంది. 2022 ఏప్రిల్లో నరసరావుపేట కేంద్రంగా పల్నాడు పేరుతోనే జిల్లా వచ్చినప్పుడు నేను ఏడ్చాను. అంత ఇష్టం ఉన్నదాన్ని, ఆ నేల ఏమిటో తెలుసుకునే పని మాత్రం ఎప్పుడూ చేయలేదు. అసలు తప్పు అక్కడుంది. టర్కీనుంచి తిరిగి వచ్చేటప్పటికే మా ఊరి గుహలకు నా మనసులో ఒక అగ్నిపర్వతం సిద్ధమై కూర్చుంది.

సెలవుల్లో పిల్లలు వచ్చారు. వ్యాను మాట్లాడి, కపడోకియాలో మా గైడు చూపించినట్టే నేనూ మా సీమ చూపిస్తానన్నాను. నరసరావుపేటలో తెల్లారకుండా బయలుదేరి పిడుగురాళ్ళ మీదుగా గుత్తికొండ వెళ్ళాం. అడవి దారి, గుట్టలు, వేపచెట్లు. బిలం మొదట్లో దారి చూపడానికి ఆ ఊరి పెద్దాయన ఒకాయన వచ్చాడు. తల మీద తువ్వాలు, చేతిలో పెద్ద టార్చి. ఆయన తన పద్ధతిలో మొదలుపెట్టాడు. ముచికుందుడు ఈ గుహలోనే నిద్రపోయాడని, కృష్ణుడు కాలయవనుణ్ణి ఇటే నడిపించుకొచ్చాడని, నిద్ర చెడిన ముచికుందుడి చూపుకు వాడు బూడిదయ్యాడని చెప్పాడు. తరవాత బ్రహ్మనాయుడు. కారంపూడిలో నాగులేటి ఒడ్డున యుద్ధం ముగిశాక, కొడుకు బాలచంద్రుణ్ణి, తనవాళ్ళందరినీ పోగొట్టుకున్న మనిషి ఈ బిలంలోకి నడిచి వెళ్ళిపోయాడని మా సీమలో అందరూ చెప్పుకుంటారు. ఆయన ఆ మాట చెప్పేటప్పుడు గొంతు తగ్గించాడు. పిల్లలు కదలకుండా వింటున్నారు.

నేను అడ్డుపడ్డాను. "అవన్నీ కథలు, అసలు సంగతి నేను చెప్తాను" అని మొదలుపెట్టాను. కపడోకియా చెప్పాను, ఎర్జియెస్ చెప్పాను, బూడిద, లావా, పేలుడు అన్నీ చెప్పాను. ఇక్కడా అదే జరిగిందన్నాను. ఒకాయన కథ చెబితే దాన్ని కథగానే చెప్పాడు. నేను అబద్ధాన్ని శాస్త్రం పేరు పెట్టి చెప్పాను.

పెద్దాయన కాసేపు ఊరుకుని, "అమ్మా, ఇది నిప్పులో పుట్టిన రాయి కాదమ్మా" అన్నాడు. "పిడుగురాళ్ళలో బట్టీ కాడ ఏళ్ళ తరబడి కాల్చినోణ్ణి. ఇదంతా ముగ్గురాయి జాతే. నిప్పులో పుట్టిందైతే, మళ్ళీ నిప్పులో ఏస్తే సున్నం ఎట్టా అవుద్దమ్మా?"

పిల్లలు నావైపు చూశారు. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. లేదని ఒప్పుకోవడానికి ఒక్క క్షణం చాలు. నేను మాత్రం, "మీకు తెలీదులే పెద్దాయనా, లైటు కాస్త ముందుకు పట్టు" అన్నాను. ఆయన లైటు ముందుకు పట్టాడు. ఆ తరవాత బయటికి వచ్చేదాకా ఒక్క మాట మాట్లాడలేదు. అక్కడినుంచి సాయంత్రం వరకూ నేనొక్కదాన్నే మాట్లాడాను.

దైదలో అమరలింగేశ్వరుణ్ణి చూసి, ఆ బిలాన్ని పూర్వం మనుషులే చేత్తో తొలిచి కాపురాలు చేశారన్నాను. ఎత్తిపోతల దగ్గర, చంద్రవంక 70 అడుగుల ఎత్తునుంచి దూకుతుంటే, కింద నల్లగా తడిసిన బండల్ని చూపించి అదంతా లావాయే అన్నాను. బండల్లో పొరలు పొరలుగా, పుస్తకం దొంతరలా కనిపిస్తున్న గీతల్ని చూస్తూనే ఆ మాట అన్నాను. నల్లగా ఉన్నదల్లా లావా కాదని, పొర మీద పొర పడ్డ రాయి సాధారణంగా నీటి అడుగున పేరుకున్నదని బడిలోనే చెబుతారు. నేనూ ఒకప్పుడు చదువుకున్నదే.

బడులు తెరిచాక పెద్ద మనవడు ఫోన్ చేశాడు. తొమ్మిదో తరగతి. దారిలో ఎక్కడో క్వారీ పక్కన రోడ్డు మీద పడి ఉన్న రాయి ముక్క ఒకటి జేబులో వేసుకొచ్చాడట. "అమ్మమ్మా, సైన్సు సారు దాని మీద పల్చటి యాసిడ్ వేశారు. బుసబుసా నురగొచ్చింది. లావా రాయైతే అట్లా రాదంట. ఇది సున్నపురాయంట." నేను ఏమన్నానో రాయాలంటే చెయ్యి ఆడటం లేదు. నువ్వు వేరే ముక్క పట్టుకెళ్ళి ఉంటావన్నాను. వాడు సరే అమ్మమ్మా అని పెట్టేశాడు. పదమూడేళ్ళ పిల్లవాడు కళ్ళతో చూసి తెలుసుకున్నదాన్ని నా మాట నిలబడటం కోసం వదులుకోమన్నాను. గుత్తికొండలో అన్నది తెలియక అన్నానని సర్దుకోవచ్చు. ఫోన్‌లో అన్నది మాత్రం తెలిసే అన్నాను.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడు పిడుగురాళ్ళ వెళ్ళాను.

పిడుగురాళ్ళలో సున్నపు బట్టీలు నేను పుట్టకముందునుంచీ ఉన్నాయి. బస్సులో ఎన్నిసార్లు వాటి పక్కనుంచి పోయానో, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకోవడం తప్ప ఎప్పుడూ దిగి చూడలేదు. ఈసారి దిగి, పని చేసుకుంటున్నవాళ్ళను బతిమాలి నిలబడి చూశాను. పైనుంచి రాయి, బొగ్గు వరసలు వరసలుగా వేస్తారు. లోపల వేడి దాదాపు 900 డిగ్రీలకు చేరితే రాయి విడిపోవడం మొదలవుతుంది. కరగదు, పారదు. రాయిలో బంధించి ఉన్న బొగ్గుపులుసు వాయువు లేచిపోతుంది. మేలైన సున్నపురాయి వంద కిలోలు కాలిస్తే మిగిలేది 56 కిలోలు, తక్కిన 44 కిలోలు గాలిలో కలుస్తుంది. కిందినుంచి లాగిన గడ్డను ఒక పనివాడు నా చేతిలో పెట్టాడు. చూడ్డానికి రాయంతే ఉంది, చేతికి మాత్రం తేలిక. దాన్ని తొట్టిలో వేసి నీళ్ళు పోశాడు. ఒక్కసారిగా బుస్సుమని ఆవిరి లేచింది, గడ్డ పగిలి తెల్లటి పిండి అయిపోయింది. వేడికి నేను వెనక్కి జరిగాను. లావా గడ్డకట్టిన రాయిని ఇలా కాలిస్తే ఎర్రబడుతుంది తప్ప సున్నం కాదు. పెద్దాయన చెప్పింది ఇదే. ఆయన ఒక్క ముక్కలో చెప్పింది అర్థం కావడానికి నాకు అంత దూరం పట్టింది.

ఆ తరవాత చదివాను. సిగ్గు పడటానికి ఇంకా చాలా మిగిలి ఉందని చదివేకొద్దీ తెలిసింది. కడప నుంచి పల్నాటి దాకా విస్తరించిన పెద్ద పళ్ళెం లాంటి లోతట్టు నేల ఒకప్పుడు సముద్రపు అడుగు. అదీ మనం చూసే సముద్రం కాదు. చేపలు పుట్టకముందటి, కోట్ల కోట్ల ఏళ్ళ కిందటి, లోతు తక్కువైన సముద్రం. దాని అడుగున పేరుకున్న సున్నపు బురద పొరలే మాచర్ల, గురజాల, దాచేపల్లి చుట్టూ ఉన్న రాళ్ళు. మన ఇళ్ళలో పరిచిన నాపరాళ్ళూ అవే, సిమెంటు ఫ్యాక్టరీలకు పోయేదీ అదే. వాన చినుకు గాలిలోని, మట్టిలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకుని కాస్త పుల్లబడుతుంది. ఆ నీళ్ళు సున్నపురాయి పగుళ్ళలోకి దిగి, ఏటికి వెంట్రుకవాసి చొప్పున కరిగిస్తూ పోతే బిలం ఏర్పడుతుంది. అదే నీళ్ళు లోపల బొట్టు బొట్టుగా కారి ఎండినచోట, మోసుకొచ్చిన సున్నాన్ని మళ్ళీ వదిలేసి పైకప్పునుంచి రాతి ఊడల్ని దించుతాయి. గుత్తికొండ లోపల మడుగులు, తొలి ఏకాదశి నాడు జనం మునిగే చల్లటి నీళ్ళు, గుహను చూడ్డానికి వచ్చిన నీళ్ళు కావు. గుహను చేసినవే ఆ నీళ్ళు. నేను మోకాలి దాకా ఆ నీళ్ళలో నిలబడి అగ్నిపర్వతం గురించి ఉపన్యాసం చెప్పాను.

ఈ రాయి ఎక్కడెక్కడికి వెళ్ళిందో చూస్తే గుండె నిండిపోతుంది. అమరావతి స్తూపం పలకలు, నాగార్జునకొండ శిల్పాలు ఈ పల్నాటి సున్నపురాతితో చెక్కినవే. చీర కుచ్చిళ్ళు, గుర్రం ముక్కుపుటాలు, పూలదండల్లో ఒక్కో రేకు అంత సన్నంగా చెక్కించుకున్నది రాతి మేలిమే. లండన్‌లో బ్రిటిష్ మ్యూజియంలో గాజు గది కట్టి దాచుకున్న అమరావతి పలకలు మా రాయి. అదే రాయి కనుక, 18వ శతాబ్దం చివరా, ఆ తరవాతా, స్తూపం శిథిలాల్లో దొరికిన శిల్పాలు ఎన్నో సున్నం కోసం బట్టీల పాలయ్యాయి. కర్నల్ మెకంజీ 1797లో మొదట చూసినప్పుడు ఉన్నవి, మళ్ళీ 1816లో వచ్చేసరికి చాలా పోయాయి. బుద్ధుడి కథ చెక్కిన పలక కాలి, గోడకు వెల్ల అయింది. ఇది చదివిన రోజు నేను అన్నం తినలేకపోయాను. పిల్లలకు చెప్పదగ్గ కథ పల్నాటి రాతిలో ఇంత ఉండగా, ఎక్కడో తెచ్చిన బూడిద పూశాను.

మనుషుల ఇళ్ళ సంగతి కూడా అంతే. పల్నాటి ప్రాచీనులు గొరెమెలో లాగా గుహలు తొలుచుకుని బతికారని నేను చెప్పిన మాటకు ఆధారం లేదు. ఆధారం ఉన్న ఇళ్ళు వేరే. పిల్లలతో తిరిగిన రోజు ఆఖరున విజయపురి సౌత్‌లో పడవ ఎక్కి నాగార్జునకొండ మ్యూజియానికి వెళ్ళాం. తిరుగు పడవ తప్పిపోతుందని పిల్లల్ని తరిమాను. 1926లో రంగస్వామి సరస్వతి ఆ లోయలో శిథిలాల్ని గుర్తించారు. తరవాత లాంగ్‌హర్స్ట్ తవ్వించారు. నాగార్జునసాగర్ నిండేలోగా అంతా చూడాలని 1954నుంచి 1960వరకూ ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో లోయంతా తవ్వారు. ఇక్ష్వాకుల విజయపురికి వేల ఏళ్ళ ముందే అక్కడ కొత్తరాతియుగం మనుషులు నేలలో గుంతలు తవ్వుకుని, చుట్టూ గుంజలు పాతి, పైన కప్పు వేసుకుని బతికిన ఆనవాళ్ళు దొరికాయి. గుంజలు పాతిన గుంటలు కూడా మట్టిలో కనిపించాయి. నేలలోకి దిగి బతికిన మనుషులు మాకూ ఉన్నారు. 1955 డిసెంబరు 10న నెహ్రూ పునాదిరాయి వేసిన ఆనకట్ట లేచాక, ఆ గుంతల ఇళ్ళున్న నేల నీటి కిందికి పోయింది. మేం పడవలో దాని మీదుగానే వెళ్ళాం. నేను పిల్లలకు మొసళ్ళ గురించి చెబుతూ కూర్చున్నాను.

నేను వెతుక్కున్న అగ్నిపర్వతపు బూడిద, పాతకాలపు మనుషుల జాడ రెండూ తెలుగునేల మీద నిజంగానే ఉన్నాయి. నేను వేరే చోట చూపించాను. కర్నూలు వైపు, బనగానపల్లె దగ్గర జ్వాలాపురం ఊళ్ళో, జుర్రేరు లోయలో భూమిలో తెల్లటి బూడిద పొర ఉంది. 74 వేల ఏళ్ళ కిందట సుమత్రాలో తోబా అగ్నిపర్వతం పేలినప్పుడు సముద్రం దాటి వచ్చి పడ్డ బూడిద అది. రవి కొరిశెట్టర్, మైఖేల్ పెట్రాగ్లియా బృందం అక్కడ తవ్వి, బూడిద కిందా, బూడిద పైనా కూడా మనుషులు చేసిన రాతి పనిముట్లు చూశారు. 2007లో ఆ సంగతి ప్రకటించారు. ఆకాశం బూడిదతో నిండినా ఆ లోయలో మనిషి పని ఆగిపోలేదన్నది వాళ్ళ వాదన. అక్కడికి దగ్గర్లోనే బేతంచెర్ల పక్కన బిల్లసుర్గం గుహలు. 1884 ప్రాంతంలో రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కొడుకు హెన్రీ ఫుట్ ఆ గుహల్లో తవ్వితే ఇప్పుడు ఆ సీమలో లేని ఖడ్గమృగం ఎముకలు కూడా బయటపడ్డాయి. ఆ గుహలదీ సున్నపురాయే, మన పల్నాటి రాయికి దగ్గరి చుట్టం. గుత్తికొండ, దైదల మట్టిలో ఏముందో అంత ఓపికగా తవ్వి చూసేవాళ్ళు రావాలని నాకు ఎంతో ఆశగా ఉంది. వచ్చేదాకా అక్కడ ఎవరు కాపురమున్నారో నేను చెప్పకూడదు.

పెద్దాయన కోసం గుత్తికొండ మళ్ళీ వెళ్ళాను. నన్ను గుర్తుపట్టాడు. "మీరు చెప్పిందే నిజం, నేను తప్పు చెప్పాను, మిమ్మల్ని మాట్లాడనివ్వలేదు" అన్నాను. పర్లేదమ్మా అంటాడనుకున్నాను. అనలేదు. "నాకు తెలిసిందొక్కటే అదమ్మా, రాయి సంగతి. అదీ తెలీదన్నారు, పిల్లల ముందు" అన్నాడు. కాసేపటికి మళ్ళీ తనే, "నాతో చెప్తే ఏముంది, ఆ పిల్లలకి చెప్పండి" అన్నాడు.

ఇంటింటికీ చెప్పాను. మా మనవడికి మొదట చెప్పాను, వాడి రాయి సరైన రాయేనని, ఫోన్‌లో నేనన్నది తెలిసే అన్నానని. వాడు చాలాసేపు మాట్లాడలేదు. తరవాత, "బిలం దగ్గరి తాతను అడగొచ్చా, బట్టీలో రాయి ఎన్ని రోజులు కాలాలో" అన్నాడు. తల్లులకు ఉత్తరాలు రాశాను, ఫోన్లు చేశాను. ఒకామె నవ్వి, ఇంత చిన్నదానికి ఇంత ఎందుకండీ అంది. నాకది చిన్నదిగా లేదు.

వచ్చినవాళ్ళలో మనవరాలి స్నేహితులు ఇద్దరున్నారు, అక్కాచెల్లెళ్ళు. తండ్రికి బదిలీ అయి ఆ కుటుంబం ఊరు మారింది. పాత నంబరు పని చేయడం లేదు. చిన్నది ఆ రోజు చిన్న నోటుపుస్తకంలో నేను చెప్పిందంతా రాసుకుంది, లావా అన్న మాట ఎలా రాయాలో నన్నే అడిగింది కూడా. బడిలో, పాత ఇంటి పక్కవాళ్ళ దగ్గర, ఆ వీధి కిరాణా కొట్లో వాళ్ళ కొత్త ఊరు అడుగుతూనే ఉన్నాను.